గొంపరేవు పడవలో ఏడో చోటు

శుక్రవారం, అప్‌డేట్ రోజు

పొద్దున లేచేసరికి పొయ్యి మారిపోయింది. నిన్నటిదాకా తాలింపు వేసేది. ఇవాళ మీట నొక్కితే, "తాలింపు సౌకర్యాన్ని ఈ వెర్షన్‌లో తొలగించాం, మీ సహకారానికి ధన్యవాదాలు" అంది. నేను సహకరించలేదు. నన్నెవరూ అడగలేదు కూడా. పచ్చి ఆవాలు నోట్లో వేసుకుని నమిలి, మీద చప్పిడి పప్పు తిని, ఈ రాత మొదలుపెట్టాను.

ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. "సన్యాసిరావు ఒకప్పుడు అభ్యుదయవాది, నలభై దాటాక పాత ఆట కావాలని ఏడుస్తున్నాడు" అని నా మిత్రులే వ్యాసాలు రాస్తున్నారు. రాయనీండి. అభ్యుదయమంటే శుక్రవారం నాడు కంపెనీ పంపినదల్లా కళ్ళకద్దుకోవడమని వీళ్ళకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. కొత్తదల్లా ముందడుగే అయితే మా పొయ్యి మహా విప్లవకారిణి.

ఆట పేరు ఏడుకోటలు. ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది. ఒక రాజ్యం, మధ్యలో ఓ నది. నది దాటాలంటే గొంపరేవుకు రావాలి. పడవలో ఏడుగురికి చోటు. ఏడుగురూ చేరందే పడవ కదలదు. అందుకని రేవులో ఒకరి వెనక ఒకరు నిలబడి ఎదురుచూసేవాళ్ళం. ఎదురుచూస్తూ ఊరికే ఉండలేక మాట్లాడుకునేవాళ్ళం. మీదే ఊరు, ఏం కూర, మీ ఆఫీసరు చచ్చాడా ఉన్నాడా. నాకు తెలిసినవాళ్ళలో ముప్పాతిక మంది ఆ రేవులో పరిచయమైనవాళ్ళే. మా గాజువాక కార్మిక సంఘం అక్కడే పుట్టింది, పడవ కోసం నిలబడి.

ఏడో వెర్షన్‌లో కంపెనీ పడవ తీసేసింది. ఇప్పుడు ఈ ఒడ్డున కాలు పెడితే ఆ ఒడ్డున తేలతాం. ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

బయట ఎలాగూ చూడం. క్యూ నిర్మూలన చట్టం వచ్చాక ఒకరి వెనక ఒకరు నిలబడడం నేరం. లిఫ్టులో ఒక్కరే. బస్సంటే ఒకే సీటున్న డబ్బా. బియ్యం గోడలోంచి వస్తాయి. బెంచీలన్నీ ప్రభుత్వం పట్టుకుపోయింది. "ప్రజల సమయం ఆదా" అన్నారు. ఆదా అయిన సమయమంతా నా దగ్గరే ఉంది, ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పరు.

అందుకే అడుగుతున్నాం. పాత ఏడుకోటలకు వేరే సర్వర్ పెట్టండి, మీరే, అధికారికంగా. దొంగ సర్వర్ కూడా చూశాం. అనకాపల్లిలో బెల్లం గోడౌనులో ఎవరో నడిపితే ఆర్నెల్లు హాయిగా ఆడాం. పోలీసులు వచ్చి సర్వరుతో పాటు బెల్లం కూడా ఎత్తుకుపోయారు.

సోమవారం

పాత సర్వర్ సాధన సమితి సమావేశం జరిగింది, తెర మీదే. ఎజెండాలో ఒకే అంశం: పాతదంటే ఏ పాతది?

వెర్షన్ ఒకటా, ఒకటి పాయింట్ ఆరా, రెండున్నరా? సమితిలో నూట నలభై మందిమి. సాయంత్రానికి మూడు సమితులయ్యాం. ఒకటి పాయింట్ ఆరు వర్గం మళ్ళీ రెండుగా చీలింది, పడవవాడి తలపాగా ఎర్రదా కాషాయమా అన్న దగ్గర. నేను జీవితంలో చాలా చీలికలు చూశాను, రెండు మూడు చేశాను కూడా. ఇంత శుభ్రంగా చీలినవాళ్ళని చూడలేదు.

వెర్షన్ ఒకటి వర్గానికి నాయకుడు రంగనాయకులు గారు. తణుకులో బ్యాంకు మేనేజరు చేసి రిటైరయ్యారు. ఆటలో కోటదొర.

"ఏవండీ సన్యాసిరావు గారూ, అసలంటే అసలేనండి. మొదటి రోజున ఎలా ఉందో అలాగే. తర్వాత కలిపినదంతా కల్తీ అండి" అన్నారాయన.

"మొదటి రోజున మోతగాళ్ళకి పడవలో చోటు లేదు, గుర్తుందా?" అని అడిగింది పైడితల్లి.

పైడితల్లి గాజువాకలో పళ్ళ డాక్టరు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అప్పా అని పిలుస్తాను. ఆటలో మోతగత్తె. డాక్టరుకి ఆ ఖర్మేమిటంటే, వెర్షన్ ఒకటిలో డబ్బు కట్టి చేరినవాళ్ళు కత్తివీరులూ దొరలూ అయ్యేవారు, ఉచితంగా చేరినవాళ్ళు మోతగాళ్ళు. ఆమె అప్పటికి చదువుకుంటోంది. చేరాక మారడానికి వీల్లేదు. తర్వాత ఆమె ఎంత సంపాదించినా ఆటలో నెత్తి మీద మూట దిగలేదు.

మోతగాళ్ళు పడవలోకి సామాను ఎక్కించి, తాము తాడు పట్టుకుని పక్కన ఈదాలి. అదీ నియమం. దాని మీద మేం సమ్మె చేశాం. కత్తివీరులం పడవెక్కం అని కూర్చున్నాం. ఒకటి పాయింట్ ఆరులో కంపెనీ దిగొచ్చి మోతగాళ్ళకు చోటిచ్చింది. ఆ సమ్మెకి పిలుపిచ్చింది నేనే. చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

రంగనాయకులు గారు నవ్వారు. "ఆ రోజుల్లో ఎవరి హద్దుల్లో వాళ్ళుండేవారండి. మోతగాళ్ళు ఎంత చక్కగా ఈదేవారో! ఓ అందం ఉండేది."

"మీ పై వరసలో చివరి పన్ను పుచ్చిపోయింది రంగనాయకులు గారూ, తెరలోంచి కనబడతంది. దాని అందం చూసుకోండి ముందు" అంది పైడితల్లి.

గురువారం

కంపెనీ ఒప్పుకుంది!

శ్రీవత్స అనే కుర్ర అధికారి ఫోన్ చేశాడు. మహోదయ వినోద సంస్థలో అతని ఉద్యోగం పేరు 'జ్ఞాపకాల విభాగాధిపతి'.

"సర్, మీ ఎమోషన్‌ని మేం గౌరవిస్తున్నాం. అఫీషియల్ పాత సర్వర్ ఇచ్చేస్తున్నాం. వెర్షన్ ఒకటి."

"ఒకటి పాయింట్ ఆరు కావాలి మాకు."

"అది లేదు సర్. మధ్యవన్నీ చెరిపేశాం. ఉన్నది ఒకటే. పాత వస్తువుల చట్టం ప్రకారం అదీ ఈ నెలాఖరుకి చెరిపెయ్యాలి. ఎవరైనా ఆడుతుంటే ఉంచొచ్చు."

"మరి క్యూ చట్టం?"

"వినోదానికి సడలింపు ఉంది సర్. వరుసలో నిలబడొచ్చు. కాకపోతే పొద్దుగూకే లోపు ఆ వరుస ఒక్కసారైనా కదలాలి. కదలకపోతే అది క్యూ కిందికి వస్తుంది, మా లైసెన్సు పోతుంది. పడవ ఎలాగూ కదుల్తుంది కదా, ఇబ్బంది లేదు."

"మోతగాళ్ళకి చోటు పెట్టి ఇవ్వొచ్చుగా?"

"పెడితే అది పాతది ఎలా అవుతుంది సర్? దాన్ని అప్‌డేట్ అంటారు. అప్‌డేట్లు వద్దనే కదా మీ ఉద్యమం!"

పాతికేళ్ళ వాదప్రతివాదాల్లో నా మాట నాకే ఇలా తగలడం చాలా అరుదు. కోపమొచ్చి ఫోను పెట్టేశాను. పెట్టేసి, సమితి తరఫున ప్రకటన రాశాను. "ముందు రేవును కాపాడుకుందాం. చోటు కోసం పోరాటం లోపలికి వెళ్ళాక సాగిస్తాం. ముందు రేవు, తర్వాత చోటు." ఇందులో తప్పేముంది? రేవే లేకపోతే చోటెక్కడ? నెలాఖరుకి చెరిపేస్తే మనుషులు మాట్లాడుకునే ఆఖరి జాగా పోతుంది. వ్యూహమన్నది ఒకటుంటుంది.

చీలిన సమితులన్నీ సంతకం పెట్టాయి. రంగనాయకులు గారు నాకు పూలగుత్తి బొమ్మ పంపారు. అక్కడే అనుమానించాల్సింది.

మంగళవారం

పైడితల్లి ఫోనెత్తడం లేదు. మనిషిని మనిషి నేరుగా కలవాలంటే పని ఉండాలి, కారణం లేకుండా ఏ తలుపూ తెరుచుకోదు. అందుకని దంతాలు శుభ్రం చేయించుకోవాలని అడిగాను. క్లినిక్కులో ఒక్క కుర్చీ, ఒక్క దీపం. వెళ్ళీ వెళ్ళగానే కూర్చోబెట్టి నోట్లో గొట్టం పెట్టింది.

ఇది అన్యాయమైన చర్చ అని ముందే నమోదు చేస్తున్నాను.

"ఏటి, ముందు రేవు, తర్వాత చోటా? ఎవరు రాసేరది? నువ్వేనా? నోరింకా తెరువు."

"ఆ."

"పదిహేడేళ్ళ కిందట ఇదే మాట రంగనాయకులు గారన్నారు. ముందు ఆట నిలబడనీండి, తర్వాత మోతగాళ్ళ సంగతి చూద్దాం అని. నువ్వేటన్నావప్పుడు? 'తర్వాత అనే ఊరికి పడవ లేదు' అన్నావు. ఎంతమంది చప్పట్లు కొట్టేరో. నేనూ కొట్టేను."

నేను వేలెత్తాను. అప్పటి పరిస్థితి వేరు, ఇప్పటి పరిస్థితి వేరు, చెరిపివేత ముప్పు అప్పుడు లేదు అని చెప్పాలి. "ఆ, ఆ, అఆ" అని వచ్చింది.

"వేలు దించు, మిషను తగుల్తాది. ఒక సంగతి సెప్తాను విను. నది దాటినప్పుడు మీరు ఏడుగురూ పడవలో కూర్చుని కబుర్లు సెప్పుకునేవోరు కదా. మేం పక్కనే ఈదుతున్నాం, బారెడు దూరంలో. మాకేటి వినబడేదో తెలుసా? ఏటీ వినబడేది కాదు. నీళ్ళలో ఉన్నోళ్ళకి పడవలో మాటలు వినబడకుండా రాసేడు ఆ ఆట రాసినోడు. ఒడ్డున నాతో నవ్వుతా నవ్వుతా మాటాడిన మనిషివి, పడవెక్కగానే పెదాలు ఆడతన్నాయి, మాట లేదు. ప్రతిసారీ. మూడేళ్ళు. సమ్మె అయ్యేదాకా."

నాకు ఆ సంగతి తెలియదు. సమ్మె నడిపినవాణ్ణి, ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, దాని మీద పుస్తకం వేసినవాణ్ణి. నాకు తెలియదు. నోట్లో గొట్టం ఉంది కాబట్టి తెలియదని కూడా చెప్పలేకపోయాను.

"నువ్వు ఆడుకో సన్యాసీ. నాకేటీ కోపం లేదు. నేను రాను, అంతే. పుక్కిలించు."

పుక్కిలించాను. నోరు ఖాళీ అయ్యేసరికి నా సమయం అయిపోయింది, కుర్చీ తనంతట తనే నన్ను గుమ్మం వైపు దొర్లించింది.

శనివారం

పైడితల్లే కాదు, ఒక్క మోతగాడూ రానన్నాడు. మోతగాళ్ళు లేకపోతే పడవలోకి సామాను ఎక్కదు, సామాను లేందే పడవ కదలదు. వెర్షన్ ఒకటి అలా కట్టారు. ఇక ఆట ఆగిపోతుందని నేను లోలోపల సంతోషించాను. సంతోషించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

కంపెనీ యంత్ర మోతగాళ్ళని తయారుచేసింది. నాలుగొందల మంది, ఒకటే మొహం. శ్రీవత్స నమూనా చూపించాడు.

"ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాను.

"చిత్తం దొరా" అంది బొమ్మ.

"నీ పేరు?"

"చిత్తం దొరా."

"నిన్ను తయారుచేసినవాడు గాడిద అంటే ఒప్పుకుంటావా?"

"చిత్తం దొరా."

"అథెంటిక్‌గా ఉంది కదా సర్?" అన్నాడు శ్రీవత్స.

ఈ కుర్రాడికి అసలు మోతగాళ్ళు ఎంత బూతులు తిట్టేవారో ఎవరైనా చెప్పాలి. పైడితల్లి మూట నా కాళ్ళ మీద పడేసి నన్నే తిట్టింది, మా పరిచయం అలాగే మొదలైంది.

ప్రారంభం రోజు

పొద్దున్నే ఆట కళ్ళజోడు పెట్టుకుని గొంపరేవులో దిగాను. ఆ గరుకు బొమ్మలు, ఆ నాలుగు పలకల కొబ్బరిచెట్లు, నీళ్ళు కావు, నీలం దుప్పటి దులిపినట్టు. నా కళ్ళు చెమర్చాయి. రాయకుండా దాచుకునేంత సంస్కారం నాకు లేదు.

మనుషులు! వందలమంది, ఒకరి వెనక ఒకరు. విజయనగరం నుంచి ఒకాయన పళ్ళెంలో ఏముందో వెనకావిడకి చెబుతున్నాడు. ఎవరో ఎవరినో తోయొద్దంటున్నారు. తోయొద్దనే మాట విని ఎన్నేళ్ళయిందో!

యంత్రాలు సామాను ఎక్కించి నీళ్ళలో దిగాయి. పడవలో ఆరుగురు కూర్చున్నారు. అందరికంటే ముందు రంగనాయకులు గారు, కోటదొర వేషంలో, నెమలి ఈకతో సహా. ఏడో చోటు ఖాళీ. పడవకీ ఒడ్డుకీ మధ్య ఒక పలక, ఒక్క మనిషి పట్టేంత. పలక మీద ఎవరో నిలబడి ఉన్నారు. వెనకాల నేను.

నెత్తి మీద మూట చూసి గుర్తుపట్టాను.

"అప్పా! రానన్నావు కదా?"

"రాకూడదనే అనుకున్నాను. ఈ చిత్తం దొరా గాళ్ళని చూస్తే ఒళ్ళు మండింది. నా మొహం లాంటి మొహం పెట్టి, నాకు లేని బుద్ధి పెట్టేరు వాటికి."

పడవవాడు బొమ్మే. గొంతెత్తి అన్నాడు: "మోతగాళ్ళకు చోటు లేదు. నీళ్ళలోకి దిగు. తర్వాతివారు రావాలి."

పైడితల్లి కదల్లేదు. తర్వాతివాణ్ణి నేను. వెర్షన్ ఒకటిలో మనిషిని దాటి మనిషి పోలేడు. దానికి మరో దారి పెట్టారు. నా తెర మీద ఒక మీట వెలిగింది: 'మోతగాణ్ణి తోయి'. కత్తివీరులకు మాత్రమే ఉండే మీట. నొక్కితే ఆమె నీళ్ళలో పడుతుంది, నేను పడవలో ఉంటాను, పడవ కదులుతుంది. ఆ మీట ఉండేదన్న సంగతే మర్చిపోయాను. మర్చిపోగలిగిన వైపు ఉన్నాను మరి.

ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"నొక్కు సన్యాసీ. ముందు రేవు కదా."

వెనకనుంచి కేకలు మొదలయ్యాయి. "ఒరే కత్తీ, నొక్కరా! నిద్దరోతన్నావేటి?"

నేను నొక్కలేదు. ఇక్కడేదో పెద్ద ఆలోచన చేశానని రాసుకుంటే బాగుంటుంది. చేయలేదు. ఆవిడ పెదాలు కదులుతుంటే మాట వినబడకపోవడం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను, వేలు కదల్లేదు. అంతే.

"నువ్వు దిగవు, నేను తొయ్యను. నిలబడదాం" అన్నాను.

"ఎంతసేపు?"

"నాకు వేరే పనేం లేదు. పొయ్యి తాలింపు వెయ్యదు."

వరుస పెరిగింది. మధ్యాహ్నానికి కొండ దాకా ఉంది. నన్ను తిట్టని నోరు లేదు. నా వెనకనున్నతను పార్వతీపురం మనిషి, పేరు గౌరీశు, మా ఏడు తరాలనీ వరసగా పిలిచి తిట్టాడు. తిట్టి తిట్టి అలిసిపోయి తన వెనకావిడతో, "మీరైనా సెప్పండమ్మా ఈ మనిషికి" అన్నాడు. ఆవిడ, "ఇంతకీ ఆ మూటావిడ ఎందుకు దిగదటా?" అంది. గౌరీశు నన్నడిగాడు. నేను చెప్పబోతే పైడితల్లే చెప్పింది, నీళ్ళలో మాట వినబడని సంగతి. గౌరీశు వెనకావిడకి చెప్పాడు. ఆవిడ తన వెనకవాళ్ళకి. ఆ మాట కొండ దాకా నడిచి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పటికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచి, "పళ్ళ డాక్టరుని నీళ్ళలో ముంచేస్తున్నారట" అయింది. అయితేనేం, తిట్లు ఆగాయి.

రంగనాయకులు గారు లేచి దిగబోయారు. దిగలేకపోయారు. వెర్షన్ ఒకటిలో పడవెక్కడానికి మీట ఉంది, దిగడానికి లేదు. దిగుడు మీట రెండో వెర్షన్‌లో పెట్టారు. కళ్ళజోడు తీసేస్తే ఆటలోంచి బయటపడి చోటు పోతుంది. మొదటి పడవలో మొదటి చోటు వదులుకునే మనిషి కాదాయన.

"ఏవండీ, ఇది పద్ధతేనా అండి? గంటల తరబడి!"

"అసలంటే అసలే కదండీ. దిగుడు మీట కల్తీ కాదూ?" అన్నాను. ఇంత తీపి వాక్యం చాలాకాలంగా అనలేదు.

సాయంత్రానికి శ్రీవత్స ప్రత్యక్షమయ్యాడు, నీళ్ళ మీద నిలబడి, సూటులో.

"సర్, ప్లీజ్. సన్‌సెట్‌లోపు వరుస కదలాలి. లేకపోతే ఇది క్యూ. లైసెన్సు పోతుంది, సర్వర్ చెరిగిపోతుంది. రేవే ఉండదు సర్. ఒక్క మీట!"

అదే బెదిరింపు, నా చేత సంతకం పెట్టించిన బెదిరింపు. నిజం కూడా. పలక మీదున్న మనిషి వైపు చూశాను. ఈసారి నా నోట్లో గొట్టం లేదు.

"బాబూ, రేవంటే కొబ్బరిచెట్లూ నీళ్ళూ కాదు. కొండ దాకా ఉన్న ఈ వరుసే రేవు. పొద్దున్నుంచి ఒక్కడూ వెళ్ళిపోలేదు, చూశావా? మేం వచ్చింది దీనికోసమే. చెరిపితే చెరుపు. ఈమెని తోసి ఉంచుకున్నది నాకు రేవు కాదు. నీకు లైసెన్సు కావాలంటే చోటివ్వు."

"అది అప్‌డేట్ అవుతుంది సర్! మేం ప్యూర్ అని ప్రకటన ఇచ్చాం!"

"సమ్మె చేసి తెచ్చుకున్నది మీ శుక్రవారం అప్‌డేట్ కాదు."

"రంగనాయకులు గారూ, మీరు చెప్పండి సర్" అని దేబిరించాడు శ్రీవత్స.

రంగనాయకులు గారు పడవలోనే నడుం నొక్కుకున్నారు. నీరసంగా, "ఇచ్చెయ్యండి బాబూ. ఇక్కడ నడుం పట్టేసింది. ఇంట్లో మా ఆవిడ కాఫీ కూడా ఇవ్వడం మానేసింది" అన్నారు.

నీలం దుప్పటి మీద పొద్దు వాలుతోంది. శ్రీవత్స తన చెవిలోని ఫోను నొక్కి ఎవరితోనో మాట్లాడాడు. పడవవాడి మొహం ఒక్కసారి చెదిరి మళ్ళీ అతుక్కుంది. "ఖాళీ ఉన్న చోట ఎవరైనా కూర్చోవచ్చు" అన్నాడు, కొత్త గొంతుతో.

పైడితల్లి మూట పడవలోకి విసిరి, వెళ్ళి ఏడో చోటులో కూర్చుంది. పడవ కదిలింది.

అప్పుడర్థమైంది. ఏడో చోటు ఆమెది. నాకు లేదు.

నది దాకా వచ్చి, చోటు సాధించి, నేను ఒడ్డునే ఉన్నాను. ఆమె నాకేదైనా చెబుతుందేమో, క్షమించానంటుందేమో అని చూశాను. ఆమె రంగనాయకులు గారి వైపు తిరిగి ఏదో అంటోంది. ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు, తర్వాత నిలువుగా. ఏమనుకుంటున్నారో నాకు వినబడలేదు. దూరమైపోయారు.

పడవ అవతలి ఒడ్డుకి వెళ్ళి, సామాను దింపి, తిరిగి రావాలి. వరుసలో ఇప్పుడు ముందున్నది నేనే. వెనక్కి తిరిగాను.

"గౌరీశు గారూ, పార్వతీపురంలో ఏ పేట మీది?"

"నీతో నాకేటి మాట? పొద్దున్నించి నా రోజంతా తినేసేవు" అన్నాడు గౌరీశు. కాస్త ఆగి, "బెలగాం" అన్నాడు. మరి కాస్త ఆగి, "మీయింట్లోనూ పొయ్యి అలాగే ఏడుస్తందా?" అని అడిగాడు.